కార్బురేటరు మార్చునపుడు స్పేసరు, గ్యాస్కెట్లు అమర్చు పద్ధతి

వానాకాలమున పైరు మొలిచిన పిదప రైతునకు దొరకు పనిదినములు మిక్కిలి కొద్ది. నల్లరేగడి భూములలో వాన వెలిసి, నేల పదునుకు వచ్చి, మరల గట్టిపడులోపల రెండు మూడు దినములు మాత్రమే కలుపు యంత్రము నడచుటకు అనువుగా నుండును. ఆ దినములలో యంత్రము మొరాయించినచో మరల వాన పట్టును. కలుపు పైరును మించును. ప్రత్తిలో విత్తినది మొదలు 60 దినముల వరకు, వేరుసెనగలో 45 దినముల వరకు చేనిలో కలుపు లేకుండ చూడవలెనని శాస్త్రజ్ఞుల సిఫారసు. కావున యంత్రములోని ఒక చిన్న దిమ్మెను గూర్చియు, రెండు మూడు కాగితపు ముక్కలను గూర్చియు వ్యవసాయ శాస్త్రము బోధించువాడు వ్రాయుట వింతగా తోచినను, దానికి పంటతో సంబంధము కలదు.

నేడు మన గ్రామములలో కలుపు తీయు యంత్రములు, చిన్న నీటి పంపులు, వీపున మోయు పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోయు యంత్రములు పెక్కు పెట్రోలుతో నడచుచున్నవి. డీజిలు యంత్రములకు కార్బురేటరు ఉండదు. కావున ఇచట చెప్పబోవునది పెట్రోలు యంత్రములకే వర్తించును. ఉదాహరణకు హోండా జి.ఎక్స్.160 అను ఒంటి సిలిండరు, నాలుగు స్ట్రోకుల యంత్రమును తీసికొందము. దాని సిలిండరు లోపలి వ్యాసము 68 మి.మీ., పరిమాణము 163 ఘన సెం.మీ. అదే నమూనాలో తయారై 168ఎఫ్ అను గుర్తుతో అమ్ముడగు యంత్రములు కూడ పొలములలో విస్తారముగ కలవు. వీని కార్బురేటరు చెడినపుడు బాగుచేయించుటకంటె క్రొత్తది కొని బిగించుటయే సులువని పలువురు తలచుచున్నారు. అందు తప్పు లేదు. కాని బిగించు విధానములో పొరపాటు జరిగిన, క్రొత్త కార్బురేటరు పాతదానికంటె ఎక్కువ నష్టము తెచ్చును.

ఒక అనుభవము

మా క్షేత్రమున ప్రత్తి చేలో వాడుచున్న ఇట్టి యంత్రమునకే ఒక వానాకాలమున కార్బురేటరు పాడయ్యెను. బజారు నుండి క్రొత్తది తెప్పించితిమి. పాతదానిని విప్పగా, యంత్రమునకు కార్బురేటరునకు నడుమ నుండు నల్లని దిమ్మె, అనగా స్పేసరు, స్టడ్డు రంధ్రము వద్ద చిట్లియుండెను. క్రొత్త కార్బురేటరుతో స్పేసరు రాలేదు. దిమ్మెలో ఏమున్నది, సందు మూసిన చాలునని తలచి, దానికి బదులు కాగితపు గ్యాస్కెట్లు మూడింటిని దొంతరగా పెట్టి నట్లు బిగించుట జరిగెను. ఆ పని చేసినది మెకానిక్కు కాదు, నేనే.

ఉదయము యంత్రము ఆడినది. కాని దాని శబ్దము నిలకడగా లేదు. వేగము తనంత తాను పెరుగుచు, తగ్గుచు, ఊగుచుండెను. చోకు సగము మూసిననే నడచుచుండెను. ఎండ ఎక్కిన పిదప ఆగిపోయెను. త్రాడు ఎంత లాగినను మరల అందుకొనలేదు. గంటసేపు చల్లారనిచ్చిన పిదప ఆడినది. కొంతసేపటికి మరల ఆగినది. పెట్రోలు కల్తీదేమోయని, ప్లగ్గు చెడెనేమోయని రెండింటిని మార్చితిని. ఫలితము లేదు. ప్రక్క చేనికి మోటారు వేయవచ్చిన పెద్దాయన ఒకరు గట్టున నిలబడి కొంతసేపు ఆ ఊగుడు విని, "సారూ, సక్షను పైపు సందులో గాలి దూరితే మోటారు నీళ్ళెత్తుద్దా? దీనికీ ఎక్కడో గాలి దూరుతోంది, చూడండి" అని చెప్పిరి.

ఆయన చెప్పినది అక్షరాల నిజము. మరునాడు సరియైన స్పేసరు తెప్పించునప్పటికి వాన పట్టినది. వారము దినములు చేనిలో అడుగు పెట్ట వీలు కాలేదు. తుదకు ఆ చేనిలో కూలీలచే చేతితో కలుపు తీయించవలసి వచ్చెను. ఆ కూలి ముందు స్పేసరు వెల లెక్కకు రాదు.

కార్బురేటరు చేయు పని

పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరు గాలిని పీల్చుకొనును. ఆ గాలి కార్బురేటరు గొంతు గుండ పోవును. గొంతు ఒకచోట ఇరుకుగా నుండును. ఇరుకులో గాలి వేగము పెరిగి ఒత్తిడి తగ్గుటచే, క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండ పైకి లేచి, సన్నని తుంపరయై గాలిలో కలియును. బరువును బట్టి చూచిన, ఒక వంతు పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 14, 15 వంతుల గాలి కావలెను. కొలతలో చెప్పిన, ఒక లీటరు పెట్రోలుకు 8,000 నుండి 9,000 లీటర్ల గాలి అవసరము. జెట్టు రంధ్రము ఈ పాళ్ళను బట్టియే తయారగును.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. జెట్టు తన గొంతు గుండ పోయిన గాలికి మాత్రమే పెట్రోలు కొలిచి ఇయ్యగలదు. గొంతు దాటిన పిదప, యంత్రమునకు కార్బురేటరునకు నడుమ నున్న అతుకు గుండ చొరబడు గాలి దాని లెక్కలోనికి రాదు. దానిని దొంగగాలి యనవచ్చును. దొంగగాలి చేరిన మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును. అట్టి పలుచని మిశ్రమముతో యంత్రము ఊగును, బలము తప్పును, అతిగా వేడెక్కును. ఇట్లు చాలకాలము నడిపినచో వాల్వులు, పిస్టను దెబ్బతినును.

నీటి పైపులో డెలివరీ వైపున సందు పడిన నీరు బయటికి చిమ్మి మనకు కనబడును. సక్షను వైపున సందు పడిన ఏమియు కనబడదు. పంపు మాత్రము నీరెత్తదు. కార్బురేటరు అతుకు సక్షను వైపుదే. కావున అది కారుట కంటికి కనబడదు. పెట్రోలు తడి లేదుగదాయని అతుకు బాగున్నదని తలపరాదు.

స్పేసరు అవసర మేమి?

స్పేసరు సాధారణముగా బేకలైటు వంటి, వేడిని త్వరగా పారనీయని పదార్థముతో చేయబడును. వంటపాత్రల పిడులకు వాడు పదార్థము ఇట్టిదే. దీని పనులు మూడు.

మొదటిది, వేడిని ఆపుట. గాలితో చల్లబడు యంత్రములలో సిలిండరు తల నీరు మరుగు వేడిని మించి కాగును. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగ నారంభించును. అడ్డుగా స్పేసరు లేనిచో తల వేడి సూటిగా కార్బురేటరునకు ప్రాకి, గిన్నెలోని పెట్రోలు బుడగలు కట్టును. యంత్రము ఆపిన వెంటనే ఫాను గాలి కూడ నిలిచిపోవును గనుక ఆ వేడి మరింత హెచ్చును. చల్లగా నున్నపుడు చక్కగా ఆడు యంత్రము, వేడిమీద ఆపిన పిదప అందుకొనకుండుటకు తరచు ఇదియే కారణము.

రెండవది, దూరము నిలుపుట. గవర్నరు కడ్డీ పొడవు, చోకు మీట తిరుగు చోటు, స్టడ్డుల పొడవు ఇవన్నియు స్పేసరు మందమును బట్టి నిర్ణయింపబడినవి. మందము తగ్గినచో మీటలు ప్రక్క రేకునకు తగులవచ్చును. గవర్నరు కడ్డీ లాగుడు మారును. మందము పెరిగినచో నట్టునకు మరలు చాలవు.

మూడవది, దారిని సరిగా కలుపుట. స్పేసరు నడిమి రంధ్రము ఒకవైపు తలలోని దారికి, మరియొకవైపు కార్బురేటరు గొంతునకు ఎదురెదురుగా నుండవలెను. కొన్ని స్పేసర్లకు కాలువ గాని, చిన్న రంధ్రము గాని అదనముగా నుండును. కావున తలక్రిందులుగా గాని, వెనుక ముందుగా గాని బిగింపరాదు.

గ్యాస్కెట్లు

మన మెకానిక్కులు ప్యాకింగు అని పిలుచునది గ్యాస్కెట్టే. లోహపు ముఖము ఎంత నునుపుగా కనబడినను దానిపై సన్నని గీతలు, ఎత్తుపల్లములు ఉండును. గ్యాస్కెట్టు వానిలో నొదిగి సందు మూయును. మనము తీసికొన్న నమూనా యంత్రములో ఇవి మూడు: తలకు స్పేసరునకు నడుమ ఒకటి, స్పేసరునకు కార్బురేటరునకు నడుమ ఒకటి, కార్బురేటరునకు గాలి వడపోత డబ్బాకు నడుమ ఒకటి. ఈ మూడును చూచుటకు ఒక్కటిగా తోచును గాని, రంధ్రములు వేరు. ఒకదాని చోట వేరొకటి పెట్టరాదు.

మూడవ గ్యాస్కెట్టు విషయమున ప్రత్యేక జాగ్రత్త అవసరము. కొన్ని కార్బురేటర్లలో పెట్రోలు గిన్నెకు ఊపిరి రంధ్రము వడపోత వైపు ముఖముపైననే ఉండును. గ్యాస్కెట్టు తిరుగబడి ఆ రంధ్రమును మూసినచో, మూత బిగించిన సీసానుండి నీరు సాగనట్లే, గిన్నెనుండి పెట్రోలు సరిగా లేవదు.

ఒకసారి నలిగిన గ్యాస్కెట్టును మరల వాడరాదు. ఒకటి చాలదని రెండు దొంతర పెట్టరాదు. సందు మూయుటకు సిలికాను జిగురు పూయరాదు. పెట్రోలు తగిలి అది ఉబ్బి, ఊడిన ముక్కలు లోపలికి పోవును. అట్టల పెట్టె ముక్క, పోస్టుకార్డు వంటివి పెట్రోలుకు నానిపోవును. సరియైన గ్యాస్కెట్టు దొరకనిచో, పెట్రోలుకు తట్టుకొను గ్యాస్కెట్టు కాగితమును దుకాణమున కొని, పాత గ్యాస్కెట్టు మందమునే ఎంచుకొని, దానినే నమూనాగా పెట్టి కత్తిరించుకొనవచ్చును. నడిమి రంధ్రపు అంచు గాలిదారిలోనికి పొడుచుకొని రాకుండ చూడవలెను.

క్రొత్త కార్బురేటరు ఎన్నుకొనుట

దుకాణమునకు పాత కార్బురేటరును, స్పేసరును వెంట గొనిపోవలెను. యంత్రముపై నున్న నమూనా సంఖ్యను వ్రాసికొనవలెను. 163 ఘన సెం.మీ. యంత్రపు కార్బురేటరు, 196 ఘన సెం.మీ. యంత్రపు కార్బురేటరు పైకి ఒకే విధముగ కనబడును. కాని లోని జెట్టు కొలతలు వేరుగా నుండవచ్చును. పాతదానిని, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి ఈ క్రింది వానిని పోల్చి చూడవలెను: గొంతు వ్యాసము, స్టడ్డు రంధ్రముల నడుమ దూరము, కార్బురేటరు మొత్తము పొడవు, చోకు మీట ఏ వైపున నున్నది, పెట్రోలు గొట్టము తగులు చోటు, గవర్నరు కడ్డీ దూరు రంధ్రము. వీనిలో ఏది తేడాగా నున్నను కొనరాదు. స్పేసరు, మూడు గ్యాస్కెట్లు కూడ అప్పుడే అడిగి తీసికొనవలెను. ఇవి లేకుండ ఇంటికి వచ్చినచో చేతికందినదేదో పెట్టి బిగించు బుద్ధి పుట్టును.

అమర్చు విధానము

1. యంత్రము పూర్తిగా చల్లారవలెను. ప్లగ్గు తీగ ఊడదీయవలెను. పెట్రోలు కుళాయి కట్టి, గిన్నెలోని పెట్రోలును ఒక డబ్బాలోనికి వంచవలెను. ఈ పని ఆరుబయట చేయవలెను. దగ్గరలో బీడి, పొయ్యి, దీపము ఉండరాదు.

2. విప్పుటకు ముందే గవర్నరు కడ్డీ, దాని ప్రక్క సన్నని స్ప్రింగు ఏ రంధ్రములో నున్నవో కాగితముపై గీసికొనవలెను. సెల్లుఫోనులో ఫొటో తీసికొనుట మరింత మేలు.

3. గాలి వడపోత డబ్బా నట్లను 10 నంబరు స్పానరుతో విప్పవలెను. ఈ నమూనాలో ఆ రెండు స్టడ్డుల నట్లే వడపోతను, కార్బురేటరును, స్పేసరును కలిపి పట్టియుంచును. కావున వడపోత తీసివేసి యంత్రమును నడిపినచో దుమ్ము పోవుటయే గాక అతుకులన్నియు వదులై దొంగగాలి చొరబడును.

4. కార్బురేటరును కొంచెము వెనుకకు జరిపి, వాల్చి, కడ్డీని, స్ప్రింగును తప్పింపవలెను, లాగి వంచరాదు. తీసిన ప్రతి భాగమును వచ్చిన వరుసలోనే గుడ్డపై పేర్చవలెను. తలలోని రంధ్రమున శుభ్రమైన గుడ్డ ఉండ నుంచవలెను.

5. అంటుకొన్న పాత గ్యాస్కెట్టును వెదురు బద్దతో గీకవలెను. కత్తి వాడినచో మెత్తని అల్యూమినియముపై గీత పడి, ఆ గీతయే గాలికి దారియగును.

6. స్పేసరుపై ఇనుప స్కేలును నిలువంచుగా ఆనించి వెలుతురునకు పట్టి చూడవలెను. క్రింద వెలుగు కనబడినచో అది వంగినదని గుర్తు. చిట్లినను, వంగినను క్రొత్తది వేయవలెను.

7. గుడ్డ ఉండను మరువక తీసివేయవలెను. పిదప తల వైపునుండి వరుసగా గ్యాస్కెట్టు, స్పేసరు, గ్యాస్కెట్టు, కార్బురేటరు, గ్యాస్కెట్టు, వడపోత డబ్బా అను క్రమమున ఎక్కింపవలెను. ఒక్కొక్కటి ఎక్కించునపుడు రంధ్రముల గుండ చూచి, దారి ఎచటను మూసుకొనలేదని నిశ్చయించుకొనవలెను. కార్బురేటరును పూర్తిగా నెట్టక మునుపే గవర్నరు కడ్డీని, స్ప్రింగును తగిలింపవలెను.

8. రెండు నట్లను ముందు చేతితో ఎక్కించి, పిదప ఇటు కొంచెము, అటు కొంచెము మార్చి మార్చి బిగింపవలెను. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోయినచో దిమ్మె ఒకవైపు నొక్కుకొని చిట్లును. ఇవి 6 మి.మీ. సన్నని స్టడ్డులు, పొట్టి స్పానరుతో మణికట్టు బలము చాలును. స్పానరునకు గొట్టము తొడిగి బిగింపరాదు.

పరీక్ష

పెట్రోలు కుళాయి విప్పి కొంతసేపు ఆగి, ఎచటనైన కారుచున్నదేమో చూడవలెను. పిదప ప్లగ్గు తీగ తగిలించి యంత్రమును నడిపి, వేడెక్కిన మీదట చోకు పూర్తిగా తెరువవలెను. చోకు తెరచినను నిలకడగా ఆడినచో సగము పరీక్షలో నెగ్గినట్లే. తరువాత యంత్రమును నెమ్మది వేగమున ఉంచి, స్పేసరు అతుకుల చుట్టు సబ్బునీటిని కుంచెతో కొంచెము కొంచెముగా తాకింపవలెను. ఎచట తాకించినపుడు శబ్దము మారునో అచట గాలి దూరుచున్నదని తెలియును. ఈ పరీక్షకు పెట్రోలు గాని, మండు స్వభావము గల మరి ఏ ద్రవము గాని ఎన్నడును వాడరాదు.

చివరగా, చేనిలో అరగంట బరువుమీద నడిపి, ఆపి, అయిదు నిమిషముల పిదప త్రాడు లాగి చూడవలెను. వేడిమీద అందుకొనినచో స్పేసరు తన పని చేయుచున్నదని గ్రహింపవచ్చును. మొదటి దినపు పని ముగిసి, యంత్రము చల్లారిన మీదట నట్ల బిగువును ఒకసారి సరిచూచుకొనవలెను.

రెండు స్ట్రోకుల యంత్రములు

వీపున మోయు పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోయు యంత్రములలో రెండు స్ట్రోకులవి పెక్కు కలవు. వీనిలో ఇంజను నూనె పెట్రోలుతోనే కలసి లోనికి పోవును. దొంగగాలి దూరి పెట్రోలు పాలు తగ్గినపుడు నూనె పాలు కూడ తగ్గును. వేడి పెరిగి, నూనె తగ్గిన యంత్రమున పిస్టను సిలిండరును పట్టివేయుటకు ఎంతోసేపు పట్టదు.

వీనిలో పొర కార్బురేటర్లు గలవానిలో మరియొక విశేషము కలదు. గడ్డి కోయు యంత్రమును ఏ వైపు వంచినను నడచుటకై, గిన్నెకు బదులు పలుచని పొర పెట్రోలును లాగును. ఆ పొరను కదలించు ఒత్తిడి యంత్రము అడుగు పెట్టెనుండి వచ్చును. అది వచ్చు సన్నని రంధ్రము పెక్కు యంత్రములలో స్పేసరు, గ్యాస్కెట్ల గుండనే పోవును. గ్యాస్కెట్టు తిరుగబడినచో ఆ రంధ్రము మూసికొనును. కార్బురేటరు క్రొత్తదైనను పెట్రోలు రాదు. ఇట్లు మంచి కార్బురేటరును చెడ్డదని దుకాణమునకు త్రిప్పిపంపినవారు కలరు.

మరల చెడకుండుటకు

మన దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుట 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరెను. ఇథనాలు గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణము గలది. నెలల తరబడి గిన్నెలో నిలువయున్న పెట్రోలు చెమ్మ పట్టి, జిగురు కట్టి, జెట్టును పూడ్చును. కావున సీజను ముగిసిన పిదప కుళాయి కట్టి, యంత్రము తనంత తాను ఆగువరకు నడిపి, గిన్నెలో మిగిలినదానిని కూడ వంచవలెను. పాతికసార్లు కార్బురేటరు మార్చుటకంటె ఈ ఒక్క అలవాటు మేలు.

స్పేసరు, మూడు గ్యాస్కెట్లు గల జత నొకదానిని ముందే కొని, తడి తగలని డబ్బాలో ప్లగ్గుతోపాటు భద్రపరచుకొనుట మంచిది. తొలకరికి ముందు, తీరిక గల దినమున, పై పరీక్షలు చేసి చూచుకొనవలెను. ఈ పని తనవల్ల కాదని తోచిన రైతు మెకానిక్కుచే చేయించుకొనునపుడు ప్రక్కన నిలిచి, పాత దిమ్మెను ఏమి చేసితివి, క్రొత్త ప్యాకింగులు ఎన్ని వేసితివి అని రెండు ప్రశ్నలు అడిగిన చాలును. పదును మీద యంత్రము ఆగకుండ నడచినచో ఆ అడుగుటకు ఫలము దక్కినట్లే.